నిప్పు నాదే, గాలి నాది కాదు

మూడేళ్ల కిందట ఏప్రిల్ నెల. పొద్దున పదకొండున్నరకి ఫోను. "మీ తోటలో పొగ లేత్తంది, ఎవరన్నా ఉన్నారా?" అని. జంగారెడ్డిగూడెం నుంచి మా పొలానికి బండి మీద పావుగంట. నేను చేరేసరికి ఆర్పడానికేమీ లేదు, చూడ్డానికే మిగిలింది. పక్క చేలో మొక్కజొన్న కోశాక మిగిలిన మోళ్లకి నిప్పెట్టారు. గాలి మళ్లింది. గట్టు మీది ఎండుగడ్డిని పట్టుకుని మంట మా రెండేళ్ల పామాయిల్ మొక్కల్లోకి దిగింది. డ్రిప్పు పైపులు కరిగి, కాలిన జెర్రిపోతుల్లా ముడుచుకుపోయి పడున్నాయి. మొక్కల మట్టలు చేత్తో ముట్టుకుంటే పొడుం అవుతున్నాయి.

పక్క చేను ఆయన్ని నేను బాబాయ్ అంటాను. చుట్టరికమేం లేదు, ఊరి వరస. తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆయన మొహంలో బాధ ఉంది, అబద్ధమెందుకు. కానీ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇదీ:

"అబ్బాయ్, నిప్పు నాదే గానీ గాలి నాది కాదు గదరా."

నాకు ఒళ్లు మండిపోయింది. "రెండు లక్షలు కక్కించకపోతే చూడు బాబాయ్" అని అరిచాను. ఆ రెండు లక్షలు ఎక్కణ్నుంచి వచ్చాయో నాకే తెలీదు. నోటికొచ్చిన అంకె. ఆ అంకె పట్టుకుని కోర్టుకి వెళ్లుంటే మొదటి వాయిదాలోనే నవ్వులపాలయ్యేవాణ్ని. అప్పటి నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. నష్టపోయినవాడు బాధ చెప్పడం ఆపి లెక్క చెప్పడం మొదలెట్టిన రోజునే అతని మాటకి బరువొస్తుంది. చెప్పడానికి తేలికే. చేసేటప్పుడు చూడాలి.

మనకి ఎవరివల్లనైనా నష్టం జరిగితే మన వైపు మామూలుగా చేసే పనులు మూడు. మింగేసి ఊరుకోవడం, పెద్దమనుషుల్లో పెట్టడం, స్టేషన్‌కి పోవడం. మింగేసినవాడు పదేళ్లయినా ఆ సంగతి పెళ్లి పందిళ్లలో చెప్పుకుంటూనే ఉంటాడు, అంటే మింగలేదన్నమాట. పెద్దమనుషులు ఇద్దరి మొహాలూ చూసి సగానికి సగం చేస్తారు. నష్టం ఎంతన్నది వాళ్లకి రెండో సంగతి. స్టేషన్‌కి పోతే ఎస్సై గారు ఫైలు పక్కనపెట్టి "ఇది సివిల్ మేటరండీ, కోర్టుకెళ్లండి" అంటారు. చాలామందికి ఆ మాట "పోవయ్యా" అన్నట్టు వినపడుతుంది. నిజానికి ఆయన మీకు సరైన అడ్రసు చెప్పారు.

పోలీసు కేసు ఉన్నది తప్పు చేసినవాడిని శిక్షించడానికి. జరిమానా పడితే ఆ డబ్బు మామూలుగా ప్రభుత్వ ఖజానాకి పోతుంది, మీ జేబులోకి కాదు. మీ కాలిన పైపు, మీ విరిగిన కాలు, మీ పోయిన కూలి తిరిగి రావాలంటే దారి వేరు. దాన్నే సివిల్ తప్పు అంటారు, లా చదివినవాళ్లు టార్ట్ అంటారు. ఆ మాటకి లాటిన్‌లో మూలం 'మెలిపడింది, వంకరపోయింది' అని. నాకు నచ్చిన అర్థం. తిన్నగా ఉండాల్సింది వంకర పోయింది, మళ్లీ తిన్నగా చెయ్యమని అడుగుతున్నాం, అంతే. పక్కవాడికి హాని కలగకుండా చూసుకోవాల్సిన బాధ్యత అతనికుందా, ఆ బాధ్యత తప్పాడా, తప్పినందువల్లే మీకు నష్టం వచ్చిందా అని కోర్టు చూస్తుంది. ఒప్పందం రాసుకుని ఉండక్కర్లేదు. పగ ఉండాల్సిన పని అసలే లేదు. బాబాయికి నా మీద ఏ పగా లేదు, మొన్న సంక్రాంతికి అరిసెలు పంపాడు.

ఇక గాలి సంగతి. ఏప్రిల్లో పొద్దెక్కాక మెట్టలో గాలి లేస్తుందని చిన్నపిల్లాడికి తెలుసు. తెల్లవారుజామున, గాలి పడిపోయి ఉన్నప్పుడు, గట్టు వెంబడి దున్ని, నీళ్లు దగ్గర పెట్టుకుని కాల్చేవాళ్లు ఉన్నారు. (అసలు కాల్చొద్దని వ్యవసాయ శాఖవాళ్లు చెప్తూనే ఉంటారు, అది వేరే వ్యాసం.) ఓ మాదిరి తెలివున్న రైతు ఏం చేసుండేవాడో కోర్టు అది అడుగుతుంది. ఊహకి అందని ఉప్పెన వచ్చి పడితే దైవాధీనం అనుకోవచ్చు. రోజూ వచ్చే గాలిని దేవుడి ఖాతాలో రాయలేం.

ఈ వాదన కొత్తదేం కాదు. ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని తన నేలలో చెరువు తవ్వించాడు. ఆ నీళ్లు పాత గనుల దారుల్లోంచి దిగి పక్కవాడి బొగ్గుగనిని ముంచేశాయి. ప్రమాదకరమైనదాన్ని తెచ్చి నీ నేలలో పెట్టుకున్నావు, అది తప్పించుకుని పోయి పక్కవాడిని ముంచితే బాధ్యత నీదే అని 1868లో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మన సుప్రీంకోర్టు ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో 1986లో ఇంకో అడుగు ముందుకేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు 'నా జాగ్రత్తలో లోపం లేదు' అన్నా, 'దైవాధీనం' అన్నా చెల్లదంది. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వచ్చి 12 మంది పోయినప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే కంపెనీని ముందు 50 కోట్లు కట్టమంది. తప్పెవరిదో తేలేదాకా ఆగలేదు. మోళ్లు కాల్చే బాబాయిని అంత పెద్ద కంపెనీతో పోల్చడం అన్యాయమే. అయినా గీత ఒకటే.

సరే, మీకు హక్కుందని తెలిసింది. మరి దాన్ని నిలబెట్టేదేంటి? ఇక్కడ నాకు బాగా ఇష్టమైన కేసొకటి చెప్తాను, కాస్త ఓపికపట్టండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్. నాగేంద్రరావు అండ్ కో అని ఎరువులు, ధాన్యం అమ్మే లైసెన్సున్న వ్యాపార సంస్థ. 1975 ఆగస్టు 11న విజిలెన్స్ వాళ్లు వచ్చి సరుకంతా స్వాధీనం చేసుకున్నారు. ఆ నెలాఖరున జిల్లా రెవెన్యూ అధికారి ఎరువుని వ్యవసాయాధికారి కస్టడీలో పెట్టి, అవసరమున్న రైతులకి పంచమన్నారు. ఎవరూ పంచలేదు. ఎరువు సంగతి మీకు చెప్పాలా? చెమ్మ తగిలితే బస్తా గడ్డకడుతుంది, బలం పోతుంది. ఇలాంటప్పుడు మనలో చాలామంది ఏం చేస్తాం? ఆఫీసు చుట్టూ తిరిగి, అటెండరుని బతిమాలి, తెలిసినవాళ్లతో ఫోన్ చేయించి, చివరికి తిట్టుకుంటూ ఇంటికొస్తాం. ఈ వ్యాపారి కాగితం పెట్టాడు. సెప్టెంబరు 17న ఒకటి, 20న ఇంకో ఆఫీసుకి, 21న మళ్లీ. నా సరుకు పాడైపోతోంది, గిరాకీ ఉన్న చోటికి తరలించండి, లేదంటే నాకివ్వండి, అమ్మి డబ్బు మీ దగ్గరే కడతాను అని. ఐదు రోజుల్లో మూడు అర్జీలు. జవాబు లేదు.

మరుసటి ఏడు జూన్‌లో విచారణ తేలింది. పెద్ద తప్పులేం లేవు, చాలావరకు చిన్నచిన్న ఉల్లంఘనలే అన్నారు. జప్తు కొంత భాగానికే. మిగతాది తీసుకెళ్లమన్నారు. తీసుకెళ్దామని పోతే అక్కడ ఎరువు ఎరువులా లేదు. నష్టం ఇమ్మంటే కుదరదన్నారు. దావా వేశాడు. కింది కోర్టులో గెలిచాడు, హైకోర్టులో ఓడాడు. ఓడటానికి కారణం 1964 నాటి సుప్రీంకోర్టు తీర్పొకటి. మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి 1947లో పాకిస్తాన్ వెళ్లిపోతే, అది సర్కారు సార్వభౌమ అధికారంతో చేసే పని కాబట్టి ప్రభుత్వం డబ్బివ్వక్కర్లేదని ఆ తీర్పు. నాగేంద్రరావు వాళ్లు అక్కడితో ఆగలేదు. 1994 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆర్.ఎం. సహాయ్, జస్టిస్ బి.ఎల్. హన్సారియా కింది కోర్టు డిక్రీని నిలబెట్టారు. అధికారుల నిర్లక్ష్యం వల్ల పౌరుడు నష్టపోతే సర్కారు ఆ సార్వభౌమ కవచం వెనక దాక్కోలేదన్నారు. ఇవాళ లా కాలేజీల్లో ఈ ఎరువు బస్తాల కేసు చదువుతారు.

పంతొమ్మిదేళ్లు పట్టింది, నిజమే. ఆ మాట దాటేయను. కానీ ఆ మూడు అర్జీలు చూడండి. వాటిలో తిట్టు లేదు, శాపనార్థం లేదు. నష్టం జరగబోతోందని ముందే చెప్పాడు, తగ్గించుకునే దారి తనే చూపించాడు. చట్టం కూడా నష్టపోయినవాణ్ని ఇదే అడుగుతుంది: నీ నష్టం పెరక్కుండా నువ్వు చేయగలిగింది చేశావా? కాలు విరిగితే పసరు కట్టు కట్టించుకుని ఆరు నెలలు కుంటి, ఆనక ఆ కుంటుకి కూడా పరిహారం అడిగితే కోర్టు మొహం చూస్తుంది.

నేనూ ఆ వ్యాపారిలాగే కాగితం పట్టాను, ఆలస్యంగా. గుండె మంట చల్లారిన సాయంత్రం, మా నాన్న పాత లెక్కల పుస్తకం తీసి తోటలోకి వెళ్లాను. ఎకరానికి 57 మొక్కలు. వరసలు లెక్కపెట్టాను. పూర్తిగా పోయినవి 38. మట్టలు మాడి మొవ్వ పచ్చగా ఉన్నవి పదకొండు, వాటిని లెక్కలోంచి తీసేశాను. పామాయిల్ మొక్క మొవ్వ బతికుంటే లేస్తుంది. అక్కడ నిజాయితీగా ఉండకపోతే ఎదుటివాళ్లు మిగతా లెక్క కూడా నమ్మరు. ఒక్కో మొక్క దగ్గర నిలబడి ఫోటో తీశాను. కొత్త మొక్కలకి 11,400. గోతులు తీసి నాటించడానికి 5,700. డ్రిప్పు పైపులకి 9,000, పాత బిల్లు దొరికింది. రెండేళ్ల ఎరువు, పాదులు, కూలీ కలిపి మొక్కకి ఆరొందల చొప్పున 22,800. కూడితే 48,900.

రెండు లక్షలెక్కడ, 48,900 ఎక్కడ?

చూడగానే కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. కానీ మర్నాటి నుంచి నా గొంతు మారింది. రెండు లక్షలన్నప్పుడు అరవాల్సొచ్చింది. 48,900 చెప్పడానికి అరుపు అక్కర్లేదు, మామూలుగా చెప్పినా వింటారు. మీకు ఎప్పుడైనా ఇలాంటిది ఎదురైతే ఆ రోజే కూర్చుని రాయండి. వారం దాటితే మనసు కథలల్లుతుంది. ఎవరు చూశారు, ఏ టైము, గాలి ఎటు, మీరేమన్నారు, వాళ్లేమన్నారు, అన్నీ. బిల్లుల్లేని ఖర్చు పక్కన 'బిల్లు లేదు' అనే రాయండి. 'ఎంతో కొంత ఇప్పించండి' అన్న మాట మాత్రం ఎక్కడా అనకండి. ఎంతో కొంత అడిగినవాడికి ఎంతో కొంతే ఇస్తారు, అదీ సణుగుతూ.

ప్లీడరు గారు నా పుస్తకం అంతా చూసి కళ్లజోడు పైకెత్తారు. "లెక్క బాగుందండీ. గట్టు మీద గడ్డి ఎవరిది?"

గడ్డి నాది. ఉమ్మడి గట్టే గానీ నా వైపు అర గజం ఎత్తు గడ్డి పెరిగి, ఎండి, నిప్పుకి వంతెనయ్యింది. ఫిబ్రవరిలోనే కోయించాలి, కోయించలేదు. ఎదుటివాడి నిర్లక్ష్యంలో మన నిర్లక్ష్యం కూడా కలిసి ఉంటే కోర్టు మన వాటా కోసేసి మిగతాదే ఇప్పిస్తుంది. హెల్మెట్ లేకుండా పోయినవాడికీ, రాంగ్ సైడులో పోయినవాడికీ ఇది అనుభవం. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో 'మీ తప్పుని ఒప్పుకోండి' అని అందంగా రాస్తారు. నేను చెప్పేది దానికంటే మొరటుగా ఉంటుంది. మీ తప్పు మీరు ముందే చెప్తే నాలుగోవంతు పోతుంది, క్రాస్ ఎగ్జామినేషన్లో ఎదుటి ప్లీడరు చెప్పిస్తే మీ మాట మీద నమ్మకమే పోతుంది.

ఇప్పుడొక పెద్ద సంగతి. 2021 డిసెంబరు 15న వేలేరుపాడు నుంచి జంగారెడ్డిగూడెం వస్తున్న ఆర్టీసీ బస్సు జల్లేరు వాగులో పడింది. డ్రైవరుతో సహా తొమ్మిదిమంది పోయారు. ఆ రోజు మన ఊళ్లో ఎవరిళ్లలోనూ సరిగా అన్నం ముద్ద దిగలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షలు, ప్రధాని సహాయనిధి నుంచి 2 లక్షలు ప్రకటించారు. ఎక్స్‌గ్రేషియా. ఆ మాటకి అర్థమే 'దయతో' అని. ఇచ్చినవాళ్లకి దండం పెట్టి తీసుకోండి, తప్పులేదు. కానీ ఏ ప్రమాదంలోనైనా సరే, దయతో ఇచ్చింది చేతిలో పడగానే హక్కుతో రావాల్సిన సంగతి మర్చిపోయే ఇళ్లు చాలా ఉంటాయి. చెక్కు అందుకుంటున్న ఫోటో పేపర్లో పడితే వ్యవహారం ముగిసిపోయిందనుకుంటారు. ముగియలేదు. మోటారు వాహనాల చట్టం కింద క్లెయిమ్ ట్రిబ్యునల్‌కి వెళ్లే హక్కు అక్కడే ఉంది.

ఆ రెంటికీ తేడా ఎంతో చూపిస్తాను. ఇది ఊహించి చెప్తున్న లెక్క, ఏ కుటుంబానిదీ కాదు. 35 ఏళ్ల తాపీమేస్త్రీ అనుకుందాం. నెలకి 15,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు, తప్పు లారీది. ఏడాది సంపాదన 1,80,000. బతికుంటే కూలి పెరిగేది గదా, అందుకు 40 శాతం కలపమని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2,52,000 అయ్యింది. మనిషి తన తిండికీ బట్టకీ వాడుకునేది పోవాలి. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి నాలుగోవంతు తీసెయ్యాలి. 1,89,000 మిగిలింది. 31 నుంచి 35 మధ్య వయసుకి 16తో హెచ్చవేయమని 2009 నాటి సరళా వర్మ తీర్పులో పట్టిక ఉంది. 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు పోగొట్టుకున్న తోడుకి ఇచ్చేది దీనికి అదనం.

ఎవరి నోటికొచ్చిన అంకె కాదది. కూడికలు, గుణకారాలు, ఐదో తరగతి పిల్లాడు వేయగలడు. మేస్త్రీ సంపాదనకి జీతం స్లిప్పు ఎక్కడిదంటారా? పని చేయించుకున్నవాళ్ల సాక్ష్యం, ఫోన్‌పే లెక్కలు, బ్యాంకు పుస్తకం, సంఘం కార్డు. ఏదీ లేకపోతే కనీస వేతనాలు చూసైనా లెక్క కడతారు.

మరి పోయింది ఇల్లాలైతే? "ఆవిడకి సంపాదనేముందండీ" అనేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఒకప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 జనవరిలో కీర్తి కేసులో దీని మీద ప్రత్యేకంగా రాశారు. ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలేనని ప్రభుత్వ సర్వే లెక్క చూపించి, ఆ పనికి విలువ కట్టాల్సిందేనన్నారు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పాలు పితికి, క్యారేజీలు కట్టి, పొగాకు సీజన్లో ఆకు గుచ్చే పనికి కూడా పోయే మనిషి. ఆవిడ పని విలువ ఇంట్లో ఎవరూ కట్టకపోయినా ట్రిబ్యునల్ కడుతుంది.

గడువుల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదాల క్లెయిమ్‌కి చట్టంలో రాసిన గడువు ఆరు నెలలు. 'ఏడాది గడిచాక చూద్దాం' అనుకుంటే గడువు దాటిపోతుంది. దినవారాలయ్యాక ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు తెచ్చిపెట్టుకోండి. ప్రమాదం ఎక్కడో హైదరాబాదు రోడ్డులో జరిగినా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. మనకి ఏలూరు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 ఇచ్చే పథకం ఉంది, చాలామందికి తెలీదు. వాట్సాప్ గ్రూపులో పరువు తీశారని దావా వేయాలంటే ఏడాదే గడువు. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లు. మునిసిపాలిటీ సంగతి వేరుగానీ రాష్ట్ర ప్రభుత్వం మీద దావా అంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి.

వినియోగదారుల కమిషన్ అనగానే ఫ్రిజ్జులు, సెల్‌ఫోన్లు గుర్తొస్తాయి. విత్తనం మొలవకపోయినా అక్కడికే వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లోనే, 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. పరీక్షకి కొంత విత్తనం దాచలేదేం అని కంపెనీ అడిగితే, రైతు అలా దాస్తాడని ఎవరూ ఆశించరంది. అయినా ప్యాకెట్టు, బిల్లు దాచుకోండి. సంచి ఖాళీ అవగానే పొయ్యిలో పెట్టేసే అలవాటు మానండి. సరుకు ధర ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా ఉండదు.

డబ్బుల్లేక కోర్టుకి పోలేం అనేవాళ్లకి ఒక నంబరు: 15100. న్యాయసేవాధికార సంస్థలది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా ప్లీడర్ని పెడతారు. బుట్టాయగూడెం, పోలవరం కొండల్లోని కోయ కుటుంబాలకి ఈ సంగతి చెప్పేవాళ్లు కావాలి. చదువుకున్న కుర్రాళ్లు ఒక ఆదివారం దీనికి పెట్టొచ్చు.

ఆలస్యం సంగతి అడుగుతారని నాకు తెలుసు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత ఉండనే ఉంది. 1977 మేలో కోయిలకుంట్ల సబ్ జైలు మీద బాంబులు పడ్డాయి. లోపలున్న ఒకాయన చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణహాని ఉందని ముందే చెప్పినా కాపలా పెంచలేదని కొడుకు ప్రభుత్వం మీద దావా వేశాడు. గడువు దాటిందన్నారు, సార్వభౌమాధికారమన్నారు. హైకోర్టులో గెలిచాడు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే అక్కడా 2000లో అతనే గెలిచాడు. ఇరవై మూడేళ్లు! అందుకే కోర్టు మెట్లెక్కే ముందు మీరు తేల్చుకోవాల్సిందొకటుంది. ఆ కేసుని జేబులో పెట్టుకుని మీ పని మీరు చేసుకోగలరా, లేక కేసే మీ పనైపోతుందా? వాయిదా రోజు ఏలూరు బస్సెక్కి, మిగతా ఇరవై తొమ్మిది రోజులు పొలంలో ఉండేవాళ్లని చూశాను. ఇరవై తొమ్మిది రోజులూ కోర్టు ఎదుటి టీ బడ్డీ దగ్గరే గడిపేవాళ్లనీ చూశాను. రెండోవాళ్లు గెలిచినా ఇంటికి తెచ్చేదేమీ ఉండదు.

అందుకే లోక్ అదాలత్‌ని చిన్నచూపు చూడకండి. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది. కానీ లెక్క లేకుండా రాజీకి వెళ్తే అది రాజీ కాదు, బేరం. మీ పుస్తకంలో ఒక అంకె ఉండాలి, అందులో ఎంత వదులుకుంటున్నారో, ఎందుకు వదులుకుంటున్నారో మీకు తెలియాలి.

మా సంగతి కోర్టుదాకా పోలేదు. ప్లీడరు గారు నోటీసు పంపారు. ఒకటిన్నర పేజీ, మొక్కల లెక్క, బిల్లుల జెరాక్సులు. ఒక్క పరుషమైన మాట లేదు. నాలుగో రోజు బాబాయ్ నోటీసు మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని మా వాకిట్లోకొచ్చాడు. పిన్ని కూడా వచ్చింది. ఆవిడ రావడం మంచిదైంది.

"కోర్టు కాగితం పంపుతావట్రా నాకు?"

"కూర్చో బాబాయ్. అమ్మా, మజ్జిగ ఇయ్యి."

పుస్తకం తీసి ముందు పెట్టాను. అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "ఈ పదకొండు మొక్కలు కొట్టేశావేం?" అన్నాడు. బతుకుతాయని చెప్పాను. మళ్లీ చదివాడు. ఆ కొట్టేసిన లైను దగ్గరే ఆయన చల్లబడ్డాడని నా అనుమానం.

"గట్టు మీద గడ్డో?"

"అది నాదే బాబాయ్. నాలుగోవంతు తీసెయ్యి."

48,900లో నాలుగోవంతు పోతే 36,675. పిన్ని చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ "ఆ ఆరొందలూ ఎందుకురా" అంది. 36,000కి ఒప్పుకున్నాం. సగం అప్పుడే, సగం మొక్కజొన్న డబ్బులు పడ్డాక. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాం. బాబాయ్ సంతకం పెట్టి కలం మూత పెడుతూ, "గాలి మాత్రం నాది కాదురోయ్" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

పోయిన ఏప్రిల్లో ఒక సాయంత్రం వాళ్లబ్బాయి బండి మీద వచ్చాడు.

"అన్నయ్యా, రేపు తెల్లారగట్ట నాలుగింటికి మోళ్లకి నిప్పెడతన్నాం. ట్యాంకరు మాట్లాడాం. నువ్వు కూడా మోటారేసి గట్టు తడుపుకోమన్నాడు నాన్న." బండి స్టార్ట్ చేసి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఇంకోటి. గడ్డి కోయించావా అని అడగమన్నాడు."

కోయించలేదు. కొడవలి పట్టుకుని అప్పుడే బయల్దేరాను.